ఒకటి, మూడు, నాలుగు, రెండు

మసేనమ్మ బండి గాజువాక జంక్షను దాటకముందే
ఆటోనగర్లో మాకు తెలిసిపోయేది.
టిక్కు టిక్కు టిక్కు,
లోపలెవరో రేకు డబ్బా గోకుతున్నట్టు.
పదమూడేళ్ళ పికప్పు, టర్బో లేని పాత ఇంజను.
తొట్టిలో ఐసు కరిగి కారిన ఉప్పునీళ్ళు
చాసిస్ మొత్తం నాకేశాయి.

"గాటీ ఎక్కతంటే ఊపిరాడ్డం నేదు దానికి.
పొగంతా నా ముకం మీదికే," అంది.
బానెట్టు ఎత్తాను.
మూడో సిలిండరు దగ్గర పోత ఇనుములో
వెంట్రుకంత బీట,
బీట చుట్టూ కాటుక.

కంపెనీదైతే నెల ఆగాలి.
చేప ఆగదు.
ఇమాన్యుయేలు దగ్గరికెళ్ళాను,
షిప్‌యార్డులో ఇరవై ఏడేళ్ళు పైపులు వంచి
ఇప్పుడు మింది రోడ్డులో రేకుల షెడ్డు కింద
గేట్లకు తామరపువ్వులు అతికే మనిషి.
కాగితం అడగలేదు. టేపు నమ్మడు.
దారం పెట్టి కొలిచాడు నాలుగు గొట్టాలూ,
నాలుగూ ఒకే పొడుగు,
నాలుగూ పోయి ఒక్క గొంతులో కలవాలి.
"పేలే వరస తెలుసుగా.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఒకడొదిలిన ఊపిరి
ఇంకొకడి నోట్లో పడకూడదు."

పాతది విప్పడమే పని.
ఎనిమిది స్టడ్లు. మరల్ని సముద్రం మింగేసింది.
రాత్రంతా కిరసనాయిలు పట్టాం.
పొద్దున్నే ఎర్రగా కాల్చి కొవ్వొత్తి ఆనించాం,
మైనం కరిగి లోపలికి దిగుతుంటే
దాలినాయుడు పదమూడో నంబరు స్పానరు మీద
ఒళ్ళంతా వేశాడు.
ఆరు వచ్చాయి.
ఏడోది మూలిగి మూలిగి వచ్చింది.
ఎనిమిదోది పుటుక్కుమంది.
ఆ చప్పుడు తర్వాత షెడ్డులో ఎవరూ మాట్లాడరు,
టీ తెచ్చిన కుర్రాడు కూడా.
రెండు గంటలు డ్రిల్లు పట్టుకుని కూర్చున్నాను,
పసిబిడ్డ చెవిలో గుమిలి తీస్తున్నట్టు.

తీరా కొత్తది ఎక్కిస్తే
రెండో గొట్టం స్టీరింగు రాడ్డుకి ఆనింది.
వేలెడు కాదు. గోరంత.
ఇమాన్యుయేలు తను వంచినదాన్ని తనే కాల్చి
గుండు సుత్తితో ఒక్కటిచ్చాడు.
సొట్ట పడింది. రాడ్డు తిరిగింది.
కొలిచిన దారం ఉండ చుట్టి
జేబులో వేసుకుని
టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

స్టార్టు చేస్తే ముందు మా చేతుల జిడ్డు కాలింది.
తర్వాత గొట్టాలు గడ్డి రంగుకి తిరిగాయి,
ఆ తర్వాత వంకాయ రంగుకి.
టిక్కు లేదు.
కిందెక్కడో గుమ్మెట మీద తడి అరచెయ్యి.
మసేనమ్మ స్టీరింగు పట్టుకుని చాలాసేపు విన్నది.
"ఇది నా బండేనా?"
చేప వాసన నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి ఇచ్చి
చీకటుండగానే హార్బరుకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను.
"మేస్త్రీ, అనంతగిరి గాటీ మూడో గేర్లో ఎక్కీసింది.
సిటికెడు పొగ నేదు."
ఆగింది.
"గానీ ఒక్కరూ గుమ్మంలోకి రానేదు.
ఆ టిక్కుటిక్కు ఇనే గిన్నెలట్టుకొచ్చీవోరు.
ఈయేల నానొచ్చి నిలబడ్డా ఎవులికీ తెల్దు."
హారను కొట్టకపోయావా అన్నాను.
"హారను కోళ్ళ బండోడూ కొడతాడు."
మరేం చేశావు?
"ఏటి సేస్తాను.
నెత్తిన తట్టెట్టుకున్న రోజుల్లో అరిసీదాన్ని గదా,
అలాగే అరిసినాను. ముందు గొంతు పెగల్నేదు.
ఆనక వొచ్చింది. ఇంటావా?"

కానాగంతలో... య్!

కొండ మీంచి ఆ కేక
మా షెడ్డు రేకుల దాకా వచ్చింది.
దాలినాయుడు స్పానరు దించాడు.
అప్పుడే మిగిలిన డబ్బు కోసం వచ్చిన ఇమాన్యుయేలు చెవికి
ఫోను ఆనించాను.

కేక విన్నాడో, కేక వెనక ఆగకుండా తిరుగుతున్న
ఇంజను విన్నాడో,
కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచాడు.
ఒకటి, మూడు, నాలుగు,
"రెండోది కొంచెం తొందరపడుతోంది," అన్నాడు.
"నేను కొట్టిన చోటే."